నిర్వచనంలో పట్టని ఇల్లు

ఆసుపత్రి రెండో అంతస్తులో, రక్తపరీక్షల గది పక్కన ఉన్న చిన్న గదిలో కమిటీ మళ్ళీ కూర్చుంది. నిన్నమొన్నటిదాకా ఆ గదిలో విరిగిన వీల్‌చెయిర్లు పడేసేవాళ్ళు. ఇప్పుడు వాటిని గోడవారకు నెట్టి మధ్యలో ఒక బల్లా నాలుగు కుర్చీలూ వేశారు. కిటికీ తెరుచుకోదు. ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి మాత్రం దాని చుట్టూ అదే తిరిగినట్టుంటుంది.

హెడ్ సిస్టర్ బల్ల కింద చెప్పులు విప్పి, వాచిన పాదాలను చల్లటి గచ్చు మీద ఆనించింది. పొద్దుటి నుంచి వార్డులో నిలబడే ఉంది. కూర్చోవడం దొరికింది కదా అని కమిటీ మీద కొంచెం ఇష్టం కలిగింది. ఆ ఇష్టం మందుల స్టోరు ఆయన గొంతు సవరించుకునేదాకా ఉంది.

"'ఉద్దేశపూర్వకంగా' అన్న మాట ఉండి తీరాలి" అన్నాడాయన. "మనసులో ఏ చెడూ లేకుండా నోరు జారినవాణ్ణి కూడా అదే గాటన కట్టేస్తారా?"

"కాలు తొక్కి, చూసుకోలేదు అంటే నొప్పి పోతుందా?" అంది చిన్న డాక్టరు. ఆవిడ ఆసుపత్రికి వచ్చి ఏడాది కూడా కాలేదు.

"నొప్పి పోదు. కానీ చూసుకోక తొక్కినవాణ్ణీ కావాలని తొక్కినవాణ్ణీ ఒకే పేరు పెట్టి పిలవకూడదు కదమ్మా!"

ఇద్దరి మాటా నిజమే అనిపించింది హెడ్ సిస్టర్‌కి. అదే ఆవిడకున్న తంటా. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళది నిజమనిపిస్తుంది, ఇద్దరూ ఆపాక తల బరువెక్కుతుంది.

ఇదంతా ఒక ఇంజెక్షన్ దగ్గర మొదలైంది. మగవాళ్ళ ఆపరేషన్ వార్డులో ఉన్న ఒక ముసలాయన కొడుకు హెడ్ సిస్టర్ దగ్గరకొచ్చి, "మా నాన్నకి ఆ అమ్మాయి చేత వేయించకండి, దయచేసి వేరే ఎవరినైనా పంపండి" అన్నాడు. ఆ అమ్మాయంటే పొడుగు సిస్టర్. స్టూలు ఎక్కకుండానే సెలైన్ సీసా తగిలించగలదని వార్డంతా అలా పిలుస్తారు. ఈమధ్య సముద్రం అవతలి నుంచి వచ్చి స్థిరపడుతున్న నల్లవాళ్ళ పిల్ల. వాళ్ళలోంచి ఈ ఆసుపత్రికి నర్సుగా వచ్చిన మొదటి మనిషి. ఊరివాళ్ళు, కమిటీలో మిగతా ముగ్గురిలాగే, తెల్లగా ఉంటారు. వాళ్ళది పాలిపోయిన తెలుపు. హెడ్ సిస్టర్ వాళ్ళది చామనచాయ. వాళ్ళ తాతలు ఓడరేవు కట్టడానికి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇంకా నలుపు. ఊళ్ళో ఎవరూ పైకి అనరు గానీ, ఎవరి మెట్టు ఏదో ఎవరికీ వివరించి చెప్పనవసరం లేదు.

ఆ రోజు గొడవెందుకని హెడ్ సిస్టరే వెళ్ళి ముసలాయనకి ఇంజెక్షన్ వేసి వచ్చేసింది. పొడుగు సిస్టర్ పక్క మంచం దగ్గరకు వెళ్ళింది. దూరం నుంచి ఇదంతా చూసిన చిన్న డాక్టరు మాత్రం ఊరుకోలేదు, పైవాళ్ళకి రాసి పంపింది. రభస అంటే గిట్టని సూపరింటెండెంట్‌గారు, "ముందు జాతి వివక్ష అంటే ఏమిటో నలుగురం కూర్చుని రాసుకుందాం. తర్వాత ఎవరిది తప్పో చూద్దాం" అన్నారు. ముసలాయన కుట్లు విప్పించుకుని ఇంటికి పోయాడు. కమిటీ మాత్రం ఇంకా రెండో వాక్యంలోనే ఉంది.

"మా చిన్నదాన్ని స్కూల్లో కొత్తవాళ్ళ పిల్లలు 'సున్నప్పిడత' అని పిలుస్తున్నారు" అన్నాడు మందుల స్టోరు ఆయన. "అది రాయరా ఇందులో?"

"అది ఏడిపించడం. తప్పే" అంది చిన్న డాక్టరు. "కానీ జాతి వివక్ష అనాలంటే వెనకాల అధికారం ఉండాలండీ. ఆ పిల్లలకి ఏ అధికారం ఉంది? వాళ్ళు పిలిచినంత మాత్రాన మీ అమ్మాయికి సీటు పోదు, ఉద్యోగం పోదు."

"బడికి పోనని మంచం కోడు పట్టుకుని ఏడ్చింది తల్లీ. ఏడవటానిక్కూడా అధికారం ఉండాలా?"

ఆ మాటంటున్నప్పుడు ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. చిన్న డాక్టరు ముఖం కందిపోయింది. సూపరింటెండెంట్‌గారు చల్లారిన టీని మళ్ళీ ఊదుకున్నారు. తర్వాత ఎప్పటిలాగే ముగ్గురూ హెడ్ సిస్టర్ వైపు తిరిగారు.

"మీరు చెప్పండి సిస్టర్" అంది చిన్న డాక్టరు. "మీకు తెలిసినట్టు మాకు తెలీదు కదా."

ఈ మాట వినీ వినీ హెడ్ సిస్టర్ చెవులు తూట్లు పడ్డాయి. ఆసుపత్రిలో రంగు సంగతి ఏది వచ్చినా ఆవిణ్ణే పిలుస్తారు. కొత్త క్యాలెండరు మీద బొమ్మ ఎవరిదుండాలి అన్నా ఆవిడే. వంటింట్లో ఇద్దరు ఆయాలు తిట్టుకున్నా ఆవిడే. ఇప్పుడు కొత్తవాళ్ళ తరఫున కూడా ఆవిడే మాట్లాడాలట. 'పొడుగు సిస్టర్‌నే పిలిచి కూర్చోబెట్టుకోవచ్చు కదా' అని మొదటి రోజు అడిగింది. 'ఆ అమ్మాయికి ఇబ్బందిగా ఉంటుందేమో' అన్నారు అందరూ. నిజానికి ఇబ్బంది ఎవరికో ఆవిడకి తెలుసు.

"ఆలోచించి చెబుతానండి" అని చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

మెట్ల దగ్గర పొడుగు సిస్టర్ కనిపించింది. చేతిలో గాయాలకి కట్టే గాజుగుడ్డ కట్టలున్న ట్రే ఉంది.

"మేడం, మీ మేడమీద వాటా ఖాళీ అయిందట కదా? డ్రెస్సింగ్ గదిలో అనుకుంటుంటే విన్నాను. మేముండే గది పడగొట్టి కడతారట, ఖాళీ చేయమంటున్నారు. నేనూ మా అమ్మే ఉంటాం."

"దానికేం, ఆదివారం వచ్చి చూసుకో" అంది హెడ్ సిస్టర్. అనేశాక, మెట్లు దిగుతుంటే, ఇంట్లో వాళ్ళని అడగలేదే అని తట్టింది. అడిగేదేముందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

*

హెడ్ సిస్టర్ భర్త లిఫ్టు మెకానిక్. ఊళ్ళో ఎత్తయిన మేడలన్నిటి లోపలి సంగతీ ఆయనకు తెలుసు. చేతుల గ్రీజు ఎంత తోమినా గోళ్ళ కింద ఉండిపోతుంది. మాట సరదా మనిషి. ఎవరినీ నొప్పించడు. ఆయన తల్లి, వాళ్ళిద్దరి కూతురు కూడా ఆ ఇంట్లోనే ఉంటారు. ముసలావిడ మాట తక్కువ, చూపు ఎక్కువ. అమ్మాయి కాలేజీలో సమాజశాస్త్రం చదువుతోంది. ప్రతిదానికీ వాదన పెట్టుకుంటుందని ఇంట్లో అందరూ ఆమెను లాయరమ్మ అంటారు.

భోజనాల దగ్గర హెడ్ సిస్టర్ సంగతి చెప్పగానే ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగాడు.

"ఆ అమ్మాయి మంచిదేలే. నాకేం లేదు. కానీ..."

"కానీ ఏంటండీ?"

"వాళ్ళింటికి నలుగురూ వచ్చిపోతుంటారు. మెట్లు మన వంటింటి పక్కనుంచే కదా. వాళ్ళ వంటల వాసన అదీ..."

"ఇంతకుముందున్న ఆయన పొద్దస్తమానం చుట్ట కాల్చేవాడు. ఆ వాసన మీకు సాంబ్రాణిలా ఉండేదా?"

ఆయన నవ్వాడు గానీ ఆ నవ్వు నిలవలేదు. అప్పుడు అత్తగారు నోరు విప్పింది.

"వాసనా లేదు, వల్లకాడూ లేదు. వాడు నీళ్ళు నములుతున్నాడు గానీ నేను చెప్తాను విను. మేం ఈ వీధిలోకి వచ్చిన కొత్తలో ఎదురింటావిడ నన్ను చూసి తలుపేసుకునేది. ఆవిడ నాతో నోరారా మాట్లాడటానికి వీడి పెళ్ళి అయ్యేదాకా పట్టింది. ఇప్పుడు తన మనవడి పుట్టినరోజుకి మనకి కబురు పెడుతోంది. ఇప్పటికి మనం మనుషుల్లో పడ్డాం. ఆ పిల్లని తెచ్చి నెత్తిన పెట్టుకుంటే, మళ్ళీ వాళ్ళతో కలిపి మనల్ని కూడా లెక్కేస్తారు."

"అంటే మన ముఖం మీద పడ్డ బురద తుడుచుకుని, ఆ గుడ్డ ఇంకొకళ్ళ మీదకి విసరాలా నానమ్మా?" అంది లాయరమ్మ.

"నీకు పడలేదు కాబట్టి నీకు మాటలొస్తున్నాయి."

"ఇది జాతి వివక్షే నానమ్మా. ఇంకో పేరు లేదు దీనికి."

అప్పుడు లిఫ్టు మెకానిక్‌కి పౌరుషం వచ్చింది. "నన్నా ఆ మాటనేది? పెద్ద మేడలో పొద్దుటి నుంచి చీకటి గొయ్యిలో వేలాడి లిఫ్టు బాగుచేస్తే, నన్ను అందులో దిగనివ్వలేదు. 'నువ్వు మెట్ల మీంచి పో' అన్నారు. నేను బాగుచేసిన లిఫ్టే! అన్ని అంతస్తులూ పనిసంచి మోసుకుంటూ దిగాను. అలాంటివాణ్ణి నేను అవతలివాళ్ళకి అన్యాయం చేస్తానా? అయినా నువ్వే కదే మొన్న ఇదే పీట మీద కూర్చుని పాఠం చెప్పావు, అధికారం లేనివాళ్ళు చేసేది జాతి వివక్ష కిందికి రాదని. మన దగ్గర ఏ అధికారం ఏడ్చింది? కరెంటాఫీసులో వరస దాటే అధికారం కూడా లేదు."

లాయరమ్మకి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. కంచంలో అన్నం కెలికింది. మందుల స్టోరు ఆయన ఇక్కడుంటే బల్ల గుద్ది నవ్వేవాడని హెడ్ సిస్టర్ అనుకుంది.

"మేడమీది తాళంచెవి ఎవరి దగ్గరుంది నాన్నా?" అంది అమ్మాయి చివరికి.

ఆయన చేయి తనకు తెలియకుండానే చొక్కా జేబు మీదకి పోయింది.

"నీ దగ్గరే కదా. ఈ పూటకి అధికారమంటే అదే."

 హెడ్ సిస్టర్‌కి ఇక తినబుద్ధి కాలేదు. పొద్దుటి నుంచి వార్డులో, మధ్యాహ్నం కమిటీలో, ఇప్పుడు కంచాల దగ్గర, ఒకే సంగతి వేరువేరు గొంతులతో వింటోంది. ఇంక ఒక్క మాట చెవిలో పడినా భరించలేననిపించింది. "ఆదివారం వస్తుంది, చూసుకుంటుంది. నచ్చితే అప్పుడు చూద్దాం" అని కంచాలు తీసేసింది. ఆయన తాళంచెవి తీసి ఆవిడ చేతికిచ్చాడు. అంటే ఒప్పుకున్నట్టే అనుకుంది.

*

ఆదివారం హెడ్ సిస్టర్ మేడమీద వాటా కడిగి, కిటికీలు తీసి, మెట్లు దిగుతోంది. చేతిలో తాళంచెవి ఉంది. అప్పుడే గేటు చప్పుడైంది. పొడుగు సిస్టర్ ఉతికి ఇస్త్రీ చేసిన లేతరంగు బట్టల్లో ఉంది. వెనకాల తల్లి నిలబడింది. చిన్న మనిషి, నెరిసిన నొక్కుల జుట్టు. చేతిలో పళ్ళ సంచి. ఇల్లు చూడటానికి వస్తూ పళ్ళు తెచ్చింది.

ఎదురింటి వసారాలో ఎదురింటావిడ బట్టలు ఆరేస్తోంది. చేతిలో బట్ట తీగ మీద పడకుండా అలాగే ఆగిపోయింది.

లిఫ్టు మెకానిక్ గేటు దగ్గర మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. ఆయన ఒకసారి ఎదురింటి వైపు చూశాడు. ఒకసారి పళ్ళ సంచి వైపు చూశాడు.

"అయ్యో, మీరా అమ్మా..." అన్నాడు. "ఏమనుకోకండి. నిన్ననే... నిన్న సాయంత్రమే ఇచ్చేశాం. బయానా కూడా తీసుకున్నాం."

హెడ్ సిస్టర్ సగం మెట్ల మీద నిలబడి ఉంది. ఒక్క మాట చాలు. 'కాదమ్మా, ఖాళీగానే ఉంది, రండి' అంటే అయిపోతుంది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. పొడుగు సిస్టర్ తలెత్తి ఆవిడ వైపు చూసింది. హెడ్ సిస్టర్ తాళంచెవి ఉన్న చేతిని పైట కొంగులో దూర్చుకుంది.

"ఫర్వాలేదండీ" అంది పొడుగు సిస్టర్. "వస్తాం మేడం."

తల్లి పళ్ళ సంచిని ఏం చేయాలో తెలియక కూతురి ముఖంలోకి చూసింది. కూతురు తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ వీధి చివరిదాకా నడిచి మలుపు తిరిగారు. ఎదురింటావిడ బట్ట ఆరేసి, "ఎండ బాగా కాస్తోంది కదూ" అని పలకరించింది.

ఆ సాయంత్రం లాయరమ్మ తండ్రితో మాట్లాడలేదు. తల్లితోనూ మాట్లాడలేదు. ఆయన రెండుసార్లు జోకు వేయబోయి మానుకున్నాడు. "నేనేం తిట్టానా? పొమ్మన్నానా? మర్యాదగానే చెప్పాను" అన్నాడు గోడతో చెప్పినట్టు. నిజమే, మర్యాదగానే చెప్పాడు. ముసలాయన కొడుకు కూడా ఆ రోజు వార్డులో 'దయచేసి' అన్నాడని హెడ్ సిస్టర్‌కి గుర్తుకొచ్చింది.

*

మళ్ళీ కమిటీ కూర్చున్నప్పుడు 'ఉద్దేశపూర్వకంగా' అన్న మాటకి కుండలీకరణాలు పెడదామా అన్న చర్చ నడుస్తోంది. సూపరింటెండెంట్‌గారికి ఆ ఉపాయం బాగా నచ్చింది. కుండలీకరణాల్లో ఉంటే ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది.

"సిస్టర్, ఆలోచించి చెబుతానన్నారు కదా?" అంది చిన్న డాక్టరు.

హెడ్ సిస్టర్ అప్పటిదాకా ఏం చెప్పాలో అనుకోలేదు. నోరు తెరిచాక ఆదివారం సంగతే వచ్చింది. ఇల్లు, గేటు, పళ్ళ సంచి, భర్త చెప్పిన అబద్ధం, తను మెట్ల మీద నిలబడి కిమ్మనకపోవడం, ఏదీ దాచకుండా చెప్పింది. అత్తగారి మాట, భర్తని లిఫ్టు ఎక్కనివ్వకుండా మెట్ల మీంచి పొమ్మన్న సంగతి కూడా చెప్పింది. "ఇది మీరు రాస్తున్న దాంట్లోకి వస్తుందా, రాదా? చెప్పండి" అంది.

సూపరింటెండెంట్‌గారు కలానికి మూత పెట్టారు.

"మిమ్మల్ని మీరు అలా నిందించుకోకండి సిస్టర్" అంది చిన్న డాక్టరు. ఆవిడ గొంతు చాలా మెత్తగా ఉంది. "అది వేరు. మీవాళ్ళు తరతరాలుగా పడ్డవాళ్ళు. మీ అత్తగారిది భయం. ఆ భయం పెట్టింది మేము. మీది వివక్ష అనడానికి లేదు."

ఇంత చవగ్గా క్షమ దొరుకుతుందని హెడ్ సిస్టర్ అనుకోలేదు. పక్క తడిపిన చిన్నపిల్లని బుజ్జగించినట్టుంది. తప్పు చేసే పాటి మనిషి కూడా కాదన్నట్టుంది.

"చూశారా, చూశారా!" మందుల స్టోరు ఆయన బల్ల మీద చరిచాడు. "మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నది ఇదే. ఎవరికి వీలైతే వాళ్ళు చేస్తారు. ఊరివాళ్ళ నెత్తికే రుద్దుతున్నారు గానీ, వాళ్ళలో వాళ్ళకి లేదా? స్వయంగా సిస్టర్‌గారే ఒప్పుకున్నారు."

ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి హెడ్ సిస్టర్‌కి ఒళ్ళంతా నీరసం కమ్మింది.

"మీకు సాక్ష్యం చెప్పడానికి చెప్పలేదండీ నేను" అంది. తర్వాత చిన్న డాక్టరు వైపు తిరిగింది. "మీరు వదిలేయాలని కూడా చెప్పలేదమ్మా."

"నేను మీ పక్షానే మాట్లాడుతున్నాను సిస్టర్!"

"తెలుసు. నా పక్షాన కాకుండా ఆ పిల్ల పక్షాన ఉండి చూడండి. ఆ తల్లి పళ్ళు తెచ్చింది. మాది భయమైతే ఏంటి, పొగరైతే ఏంటి? ఆవిడ ఆ సంచి మోసుకుంటూ వెనక్కి పోయింది."

"అయితే ఉద్దేశంతో పని లేదంటారు. నేనన్నది అదే కదా" అంది చిన్న డాక్టరు ఆశగా.

"అలా కూడా అనలేనమ్మా. మా ఆయన్ని నేను ఎరుగుదును. చెడ్డవాడు కాదు. ఆయన్నీ, మెట్ల మీంచి పొమ్మన్నవాళ్ళనీ ఒకే పేరుతో పిలవాలంటే నాకు నోరు రావడం లేదు. పిలవకుండా ఊరుకుందామన్నా మనసు ఒప్పడం లేదు."

సూపరింటెండెంట్‌గారు గడియారం చూసుకున్నారు. "ఇది సిస్టర్‌గారి సొంత ఇంటి విషయం కదా" అన్నారు. "మినిట్సులో వద్దులెండి. అందరికీ ఇబ్బంది."

ఆయన ఆ మాట మంచితనంతోనే అన్నారు. అందరూ తలలూపారు.

*

డ్రెస్సింగ్ గదిలో పొడుగు సిస్టర్ ఒక్కతే గాజుగుడ్డ కత్తిరించి మడతలు పెడుతోంది. హెడ్ సిస్టర్ తలుపు దగ్గరగా వేసి, ఇంకో కత్తెర తీసుకుని ఎదురుగా కూర్చుంది.

"మేడమీద వాటా ఎవరికీ ఇవ్వలేదమ్మాయ్" అంది.

"తెలుసు మేడం. బస్సు మీ వీధి మీంచే పోతుంది. 'ఇల్లు అద్దెకు' బోర్డు అలాగే వేలాడుతోంది." చేతిలో మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. "బోర్డు చూడకముందే మా అమ్మ పట్టేసింది. 'పాపం ఆయన మంచివాడిలా ఉన్నాడే, అబద్ధం ఆడటం చేతకావడం లేదు' అంది."

హెడ్ సిస్టర్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండూ మింగేసింది.

"కావాలంటే నా మీద కమిటీకి రాసుకో. నేనేం అనుకోను."

"రాస్తే ఏమవుతుంది మేడం? ఇంకా కొన్నాళ్ళు కూర్చుంటారు. మీ కాళ్ళు ఇంకా వాస్తాయి."

"ఇంట్లో పోట్లాడి ఒప్పిస్తాను. వచ్చెయ్యండి."

పొడుగు సిస్టర్ ఇంకో గుడ్డ తీసుకుంది. గుడ్డ అంచు లాగి సమానంగా కత్తిరించింది.

"నేను పగలంతా ఇక్కడుంటాను. ఇంట్లో మా అమ్మ ఒక్కతే ఉంటుంది. మీరు పోట్లాడి తీయించిన తలుపు వెనకాల ఆవిడ ఒక్కతే కూర్చోవాలి. మెట్లు దిగితే మీ అత్తగారు. గేటు తీస్తే ఎదురింటావిడ. వద్దు మేడం. ఊరి చివర ఒక గది చూశాం. రెండు బస్సులు మారాలి. ఇంటాయన ముక్కోపి గానీ, ఖాళీ ఉంటే ఉందన్నాడు."

"కోపం రాలేదా నీకు?"

"వచ్చింది. కోపమొచ్చిందని సెలవు పెట్టలేను కదా." ఆమె మొదటిసారి పని ఆపి హెడ్ సిస్టర్ కళ్ళలోకి చూసింది. "మీ ఆయన మీద పెద్దగా రాలేదు. ఆయన నాకు తెలీదు. మీ మీద వచ్చింది. వార్డులో ఇంజెక్షన్ మీరు వేసేసిన రోజు, పోనీలే, నన్ను కాపాడారనుకున్నాను. ఆదివారం మెట్ల మీద మిమ్మల్ని చూశాక, ఆ రోజు కూడా కాపాడింది నన్ను కాదేమో అనిపించింది."

హెడ్ సిస్టర్ కాదనలేదు. ఇద్దరూ కలిసి మిగిలిన గుడ్డంతా మడతలు పెట్టారు. అందులో ఎవరికీ ఓదార్పు లేదు. సాయంత్రం డ్యూటీవాళ్ళకి గుడ్డ కావాలి, అంతే.

*

కమిటీ కాగితం చివరికి టైపయింది. 'జాతి వివక్ష' అన్న మాట అందులో లేదు, 'అనుచిత ప్రవర్తన' అని ఉంది. నిర్వచనం సంగతి మరింత పరిశీలన తర్వాత చూస్తామన్నారు. చిన్న డాక్టరు సంతకం పెట్టనంది. తర్వాత, ఏదీ లేనిదానికంటే నయమని పెట్టింది. మందుల స్టోరు ఆయన గెలిచినట్టే లెక్క. కానీ ఆయనా సంతోషంగా లేడు. కూతురి సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు. వరండాలో ఒకసారి హెడ్ సిస్టర్‌ని ఆపి, "మా పిల్ల ఏడ్చింది నిజమే కదండీ" అన్నాడు. "నిజమేనండీ" అంది ఆవిడ. ఆయనకి ఆ మాత్రం చాలినట్టుంది. తల ఊపి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి వార్డులో ఇంకో రోగి తాలూకు మనిషి వచ్చి, పొడుగు సిస్టర్ వైపు కళ్ళతో చూపిస్తూ గొంతు తగ్గించాడు. హెడ్ సిస్టర్ వాక్యం పూర్తికానివ్వలేదు. "ఇక్కడ డ్యూటీలో ఎవరుంటే వాళ్ళే వేస్తారు. వద్దనుకుంటే కాగితం మీద రాసి, సంతకం పెట్టి తీసుకెళ్ళండి మీ మనిషిని" అంది. అతను గొణుక్కుంటూ మంచం దగ్గరకు పోయాడు. పొడుగు సిస్టరే ఇంజెక్షన్ వేసింది. తిరిగి వస్తూ హెడ్ సిస్టర్ వైపు చూడలేదు. ట్రే పెట్టి తర్వాతి మంచం దగ్గరకు వెళ్ళింది.

ఇంట్లో మేడమీద వాటా ఖాళీగానే ఉంది. లిఫ్టు మెకానిక్ ఒక బ్యాంకు గుమాస్తానీ ఆయన భార్యనీ తీసుకొచ్చాడు, ఊరివాళ్ళే. "ఇప్పుడే ఇవ్వడం లేదండీ" అని హెడ్ సిస్టర్ వాళ్ళని పంపేసింది. అత్తగారు రెండు రోజులు సణిగింది. మూడో రోజు ఆవిడే, "నేను మాత్రం మంచి చెడ్డా తెలియని దాన్నా?" అంది కూరగాయలు తరుగుతూ, ఎవరూ అడగకుండానే. 

ఒక పొద్దున పెరట్లో పళ్ళు తోముకుంటూ ఆయన అడిగాడు.

"నేను అలాంటివాణ్ణంటావా?"

"ఎలాంటివాడు?"

"అదే. మీ కమిటీలో రాద్దామని కూర్చున్నారే, అలాంటివాణ్ణి."

"ఏమోనండీ" అంది ఆవిడ, బిందె కింద పంపు తిప్పుతూ. "మీరు అలాంటివాళ్ళో కాదో నాకు తెలీదు. ఆ రోజు మాత్రం అలా చేశారు. నేనూ చేశాను, నోరు మూసుకుని."

ఆయన నోరు పుక్కిలించి అక్కడే నిలబడ్డాడు. బిందె నిండి పొర్లుతోంది. ఇద్దరిలో ఎవరూ పంపు కట్టేయలేదు.

ఆ సాయంత్రం ఆయన పని నుంచి ఆలస్యంగా వచ్చాడు. పనిసంచి దించి పీట మీద కూర్చున్నాడు. హెడ్ సిస్టర్ కంచం పెట్టింది.

"మీ ఆసుపత్రి బస్టాపు దాకా వెళ్ళాను" అన్నాడు.

"ఎందుకు?"

"ఆ అమ్మాయి అక్కడే ఉంది."

హెడ్ సిస్టర్ గరిటె పట్టుకుని ఆగిపోయింది. వసారాలో చదువుకుంటున్న లాయరమ్మ పుస్తకంలోంచి తలెత్తింది.

"ఏమన్నారు మీరు?"

"ఇల్లు ఆ రోజు ఖాళీగానే ఉందమ్మా అన్నాను. తెలుసండీ అంది. ఇంకేదో చెబుదామనుకుని వెళ్ళాను. అక్కడికెళ్ళాక మాట రాలేదు."

"తనేమంది?"

"ఏమీ అనలేదు. ముఖం తిప్పుకోలేదు. మాట్లాడనూ లేదు. బస్సు ఎంతకీ రాలేదు. వదిలేసి రావడానికి మనసొప్పలేదు. అలాగని పక్కన నిలబడటానికీ ముఖం చెల్లలేదు. ఆ స్తంభం దగ్గర నేను, ఈ బల్ల దగ్గర తను. బస్సొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది."

"అంతేనా?"

"అంతే."

ఆయన కలుపుకుని తినడం మొదలుపెట్టాడు. హెడ్ సిస్టర్ కూడా తన కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. వసారాలోంచి అమ్మాయి లేచి వచ్చి తండ్రి గ్లాసులో నీళ్ళు పోసింది.